డబ్బు వెనక్కి ఇచ్చేశాక డీలర్ పేరు తీసేయాలా?

ఓజీ107 (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. నేను ఒహాయోలో ఉంటాను. పదకొండేళ్లుగా అమెరికన్ ఆర్మీ ఎం-65 జాకెట్లు సేకరిస్తున్నాను.

పోయిన చలికాలం ఒక డీలర్ దగ్గర "తొలి రకం" అని చెబితే ఒకటి కొన్నాను. 1965లో వచ్చిన ఈ జాకెట్ మొదటి రకానికి భుజాల మీద పట్టీలు ఉండవు, జిప్ అల్యూమినియంది. పట్టీలు తర్వాత పెట్టారు. అవి లేని జాకెట్లు అరుదు, అందుకే ధర చాలా ఎక్కువ. ఇంటికి తెచ్చాక కిటికీ వెలుతురులో చూస్తే భుజం మీద సన్నటి సూది రంధ్రాల వరుస కనబడింది. ఆ వరుసల మధ్య గుడ్డ మిగతా చోట్లకన్నా ముదురు ఆకుపచ్చగా ఉంది. అంటే అక్కడ ఏళ్ల తరబడి పట్టీ ఉంది, దాని కింద ఎండ తగల్లేదు. ఎవరో విప్పేశారు.

డీలర్‌కి ఫొటోలు పంపాను. "నాకు అలాగే వచ్చింది" అన్నాడు, తర్వాత పన్నెండు రోజులు ఫోన్ ఎత్తలేదు. ఫొటోలతో పాటు షాపు పేరు మా కలెక్టర్ల గ్రూపులో పెట్టి "మోసగాడు" అని రాశాను. మర్నాడే డబ్బు వచ్చింది, జాకెట్ తిరిగి పంపేశాను. ఇప్పుడు పోస్ట్ తీసేయమంటున్నాడు. తీసేయాలా?

పాతకుట్టు

తీసేయండి. నేను బ్రిటన్‌లో ఇలాంటివే అమ్ముతాను కాబట్టి అటువైపు నుంచి చెబుతున్నాను.

మూడేళ్ల క్రితం ఒక బుష్ జాకెట్ అమ్మాను. రెండో ప్రపంచ యుద్ధం టైంలో ఇండియాలోనే కుట్టిన కాకీ డ్రిల్, అంటే మందపాటి నూలు గుడ్డ. కొన్నాయన దాని మీద యూవీ లైటు వేశాడు, నీలంగా మెరిసింది. "మెరుపునిచ్చే రసాయనాలు యుద్ధం తర్వాతే వచ్చాయి, కాబట్టి ఇది నకిలీ" అని నా పేరుతో సహా నాలుగు చోట్ల రాశాడు. ఆ రసాయనాలు సబ్బుపొడిలో కూడా ఉంటాయి. పాత నూలు బట్టను ఇవాళ్టి పొడితో ఒక్కసారి ఉతికినా మెరుస్తుంది. ఉతికినందువల్ల వచ్చిన మెరుపు జాకెట్ అంతా పరుచుకుంటుంది. గుడ్డ మెరవకుండా దారం ఒక్కటే మెరిస్తే అప్పుడు అనుమానించాలి. ఆయన ఆ తేడా చూడలేదు, నన్ను ఒక్క మాట అడగలేదు.

తర్వాత ఇద్దరు పెద్ద కలెక్టర్లు చూసి అది అసలైనదేనని చెప్పారు. ఆయన సారీ చెప్పాడు కానీ ఆ రాతలు అలాగే ఉన్నాయి. ఆ ఏడాది నా అమ్మకాలు సగానికి పడిపోయాయి. ఇంట్లో ఎంత టెన్షన్ పడ్డామో చెప్పలేను. కొనేవాళ్లకు మాట్లాడే దారులు చాలా ఉన్నాయి. ఆన్‌లైన్ అమ్మకాల సైట్ ఈబేలోనే చూడండి, 2008 నుంచి అమ్మేవాళ్లు కొన్నవాళ్లకి నెగటివ్ రేటింగ్ ఇవ్వలేరు. మాకున్నది మా పేరు ఒక్కటే.

అల్యూమినియం జిప్

పాతకుట్టు గారూ, మీకు జరిగింది అన్యాయమే. కానీ రెండూ ఒకటి కాదండీ. మీ విషయంలో పరీక్షే తప్పు. ఇక్కడ రంధ్రాలు కళ్లకు కనిపిస్తున్నాయి, డీలర్ కూడా కాదనలేదు.

తనకు తెలియదనే మాట నేను ఒప్పుకోను. లేబుల్ మీద ఉండే డీఎస్ఏ (అమెరికన్ సైన్యానికి సరుకులు సమకూర్చే సంస్థ) అన్న పేరు 1977లో డీఎల్ఏగా మారిందని, లేబుల్ నంబర్‌లోని 66 లాంటి అంకె కాంట్రాక్ట్ ఆర్థిక సంవత్సరమని గుక్క తిప్పుకోకుండా చెప్పి ధర పెంచే మనిషికి భుజం తడిమి చూడడం తెలియదా? లేబుల్ చదవడం వచ్చినవాడికి గుడ్డ చదవడమూ వచ్చి ఉండాలి.

సాక్షి_సంతకం

చట్టం సంగతి ఒకటి. ముందే అచ్చువేసిన అమ్మకం షరతుల్లో "చెడ్డ రివ్యూ రాయకూడదు" అని పెడితే అది చెల్లదని 2016లో అమెరికాలో చట్టం వచ్చింది. మీరిద్దరూ విడిగా మాట్లాడుకుని ఒప్పుకుంటే అది వేరు. డబ్బు ఇచ్చేటప్పుడు పోస్ట్ తీసేస్తానని మాట ఇచ్చారా?

ఇంకొకటి. "భుజం మీద రంధ్రాలున్నాయి" అని ఫొటో పెట్టడం వేరు, "మోసగాడు" అనడం వేరు. మొదటిది మీరు చూపించగలరు. పట్టీ విప్పింది ఆయనేనని ఎలా చూపిస్తారు?

ఓజీ107

మాటేమీ ఇవ్వలేదండీ. రెండో ప్రశ్న మాత్రం నన్ను రాత్రంతా పట్టుకుంది. విప్పింది ఎవరో నాకు నిజంగా తెలియదు. ఆయన కొనడానికి ముప్పై ఏళ్ల ముందే ఎవరైనా విప్పి ఉండొచ్చు. ఆ మాట కోపంలో రాశాను, తప్పే.

పాతకుట్టు

తప్పని ఒప్పుకున్నారు, చాలు. అయితే పోస్ట్ మొత్తం తీసేయొచ్చుగా?

అల్యూమినియం జిప్

తీసేయకండి! ఆ జాకెట్ ఇప్పుడెక్కడుందో చూశారా? నిన్న ఇంకో అమ్మకందారు పేజీలో కనబడింది. లేబుల్ కింద మీ ఫొటోలో ఉన్న నీలం సిరా మరకే ఉంది. "తొలి రకం, పట్టీలు లేనిది" అని రాసి, మీరు పెట్టిన డబ్బుకన్నా ఎక్కువ ధర పెట్టారు.

పాతకుట్టు

చూశాను. అదే జాకెట్. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. సరుకు లోపం చెప్పకుండా మళ్లీ మార్కెట్‌లోకి వదిలినవాళ్లు పేరు దాచమని అడగకూడదు. ఈ కొత్త అమ్మకందారుకి సంగతి తెలిసి ఉండకపోవచ్చు. ఆయన్ని బయట ఒక్క మాట అనే ముందు నేనే ఫోన్ చేస్తాను, ఆయన నాకు తెలుసు.

ఓజీ107

థాంక్స్ అండీ. పోస్ట్ మార్చాను. "మోసగాడు" అన్న మాట తీసేశాను. షాపు పేరు ఉంచాను. ఏ తేదీన కొన్నాను, ఎప్పుడు అడిగాను, ఎన్ని రోజులకు డబ్బు వచ్చింది, పూర్తిగా వచ్చింది అని కూడా రాశాను. డీలర్ జవాబు పంపితే దాన్ని ఆయన మాటల్లోనే కింద పెడతానని మెయిల్ చేశాను.

జాకెట్ గుర్తులు ఇవి. సైజు మీడియం రెగ్యులర్, లేబుల్ కింది అంచున కందిగింజంత నీలం సిరా మరక, ఎడమ మోచేతి దగ్గర చేత్తో వేసిన రఫ్, రెండు భుజాల మీదా సూది రంధ్రాలు. ఎక్కడ కనబడినా కొనేవాళ్లకు ముందే చెప్పండి.

పాతకుట్టు

ఫోన్ చేశాను. ఆయనకు రంధ్రాల సంగతి తెలియదట. పేజీలోంచి ప్రస్తుతానికి తీసేశాడు. "పట్టీలు విప్పినది" అని రాసి సగం ధరకు పెడతానన్నాడు.