జర్మన్ నేర్చుకునే 16 మంది విద్యార్థులతో మ్యూనిక్: ఏది ముందు, ఏది తర్వాత?

గండికోట_మేడమ్ (కడప):
మా డిగ్రీ కాలేజీలో జర్మన్ భాషలో ఏ2 (రెండో స్థాయి) పూర్తిచేసిన 16 మందిని జూన్‌లో రెండు వారాలు మ్యూనిక్‌లో ఒక భాషా పాఠశాలకు తీసుకెళ్లాలి. వెంట ఇద్దరు టీచర్లం. ముగ్గురికి ఇంకా 18 నిండలేదు. చాలామంది తల్లిదండ్రులు రైతులు, ఐటీ రిటర్నులు లేవు. పని ఎక్కడ మొదలుపెట్టాలి? అక్కడికి పోయి కూడా తెలుగులోనే ముచ్చట్లు పెట్టుకుంటారేమోనన్నది ఇంకో దిగులు.

అనంత_ట్రావెల్:
ముందు పేర్లు చూడండి మేడమ్. టెన్త్ మెమోలో ఇంటిపేరు పొడి అక్షరం, పాస్‌పోర్టులో పూర్తిగా, టికెట్లో తారుమారు: గ్రూపు బుకింగ్‌లో ఎక్కువగా తగలడేది ఇక్కడే. టికెట్, ఇన్సూరెన్స్, ఆహ్వాన పత్రం మూడూ పాస్‌పోర్టు చూసి అక్షరం అక్షరం కొట్టించండి. పాస్‌పోర్టు ఇచ్చి పదేళ్లు దాటకూడదు, తిరుగు ప్రయాణం తర్వాత కనీసం 3 నెలలు చెల్లాలి, రెండు పేజీలు ఖాళీగా ఉండాలి. వీసా దరఖాస్తు ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి తీసుకుంటారు. 15 రోజుల ముందు వరకూ వేయొచ్చని నియమం, కానీ వేసవి రద్దీలో దాన్ని నమ్ముకోవద్దు. ఫిబ్రవరి, మార్చిలోనే స్లాట్లు పట్టండి. మైనర్లకు తల్లిదండ్రులిద్దరి సమ్మతి పత్రం కావాలి. ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకు. వీసా ఫీజు మనిషికి 90 యూరోలు.

బురుజు_కర్నూలు:
అన్నా, ఆ 90 వీళ్లకు పడదు. చదువు కోసం పోయే విద్యార్థులకు, వెంట వెళ్లే టీచర్లకు షెంగెన్ (జర్మనీ సహా యూరప్ దేశాల ఉమ్మడి వీసా) నియమాల్లోనే ఫీజు మినహాయింపు ఉంది. 18 మందికి 1,620 యూరోలు మిగిలినట్టే. అయితే కాలేజీ లెటర్‌హెడ్ మీద అందరి పేర్లు, పాస్‌పోర్టు నంబర్లు ఉండాలి, అక్కడి పాఠశాల పత్రంలో కోర్సు తేదీలు ఉండాలి. "టూరిజం" అని టిక్ పెడితే మినహాయింపు పోయినట్టే. వీసా దరఖాస్తు సెంటర్ వాళ్ల సర్వీసు చార్జీ మాత్రం ఎలాగూ కట్టాలి.

రిటర్నులు లేనివాళ్లు పట్టాదారు పాసుపుస్తకం, ఆదాయ సర్టిఫికెట్, వాటి ఇంగ్లీషు అనువాదం, 3 నెలల బ్యాంకు స్టేట్‌మెంట్ పెట్టొచ్చు. అప్పు తెచ్చి ముందు వారం ఖాతాలో మూడు లక్షలు వేస్తే అనుమానం పెరుగుతుందే గాని బలం రాదు. పంట అమ్మిన డబ్బయితే ఆ రసీదు జత చేయండి.

ప్రెట్జెల్_పప్పు (అనంతపురం):
అక్కడి సంగతి నేను చెప్తా. ఊళ్లు చూడ్డానికి బయెర్న్ టికెట్ (మ్యూనిక్ ఉన్న బవేరియా రాష్ట్రంలో తిరిగే ఒకరోజు టికెట్) తీసుకోండి, ఒకదాని మీద ఐదుగురి దాకా పోవచ్చు. మీకు నాలుగు కావాలి. పనిరోజుల్లో ఉదయం 9 తర్వాతే చెల్లుతుంది. రీజనల్ రైళ్లకే, ఐసీఈ అనే హైస్పీడ్ రైలు ఎక్కకూడదు. ఎక్కేముందే దానిమీద పేర్లు రాయాలి. టికెట్ ఒకరి జేబులో ఉంటుంది కాబట్టి ఫోటోలకు ఆగి వెనకబడినవాడు టికెట్ లేనివాడి కిందే లెక్క, జరిమానా 60 యూరోలు. అందుకే రోజంతా అదే జట్టు, దానికో లీడరు. ఆదివారం దుకాణాలు మూసేస్తారు, శనివారమే సరుకులు తెచ్చుకోవాలి.

భాష సంగతంటారా, "తెలుగు మాట్లాడితే ఫైన్" లాంటివి పనిచేయవు. బస అక్కడి కుటుంబాల ఇళ్లలో అయితే ఇంటికొకరే. మధ్యాహ్నాలు ఒక్కొక్కరికీ ఒక పని ఇవ్వండి: మ్యూనిక్‌లోని తిండి సరుకుల బజారు విక్టువాలియెన్ మార్కెట్లో 200 గ్రాముల చీజ్ కొని, అది ఏ ఊరిదో, ఎన్నాళ్లు నిలవుంటుందో అడిగి రావాలి. వీళ్లు తడబడగానే దుకాణదారు ఇంగ్లీషులోకి దిగుతాడు. అప్పుడు "ఇష్ మోష్టె డాయిచ్ యూబెన్" (నాకు జర్మన్ ప్రాక్టీసు చేయాలనుంది) అనడం ఇక్కడే నేర్పి పంపండి.

గండికోట_మేడమ్:
ఫీజు సంగతి అస్సలు తెలీదు, థాంక్స్. పిల్లలు నెయ్యి, పాలకోవా కట్టుకొస్తామంటున్నారు.

ప్రెట్జెల్_పప్పు (అనంతపురం):
వద్దు. పాల పదార్థాలు, మాంసం యూరోపులోకి రానివ్వరు. పచ్చి కరివేపాకు కూడా వద్దు. కందిపొడి, ఆవకాయ పర్లేదు, కానీ ఆవకాయ చెకిన్ బ్యాగులోనే, రెండు కవర్లేసి. పవర్‌బ్యాంకు మాత్రం చేతి సంచిలో.