కోల్‌కతాలో వారం రోజులు, ఒక్కదాన్నే: గైడ్ కావాలా, వద్దా?

శారద_వి:
అందరికీ నమస్కారం. హైస్కూల్లో సోషల్ చెప్పి ఈమధ్యే రిటైరయ్యాను. జనవరిలో ఒక వారం కోల్‌కతాలో ఉండబోతున్నాను, ఒక్కదాన్నే. గుళ్లు ఇదివరకు చూసినవే, ఈసారి వాటి జోలికి పోను. మ్యూజియాలు, పాత కట్టడాలు, ఊరి చరిత్ర, అంతే. ఇండియన్ మ్యూజియంకి రెండు రోజులు అనుకుంటున్నాను. విక్టోరియా మెమోరియల్, జొరాసాంకోలో ఠాగూర్ ఇల్లు, నేతాజీ భవన్, సౌత్ పార్క్ స్ట్రీట్ శ్మశానం, డల్హౌసీ స్క్వేర్ చుట్టూ నడక ఉన్నాయి. గైడ్‌ని పెట్టుకోవాలా, చదువుకుని వెళ్తే సరిపోతుందా? వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి.

రాతిబండ:
వద్దే వద్దు మేడం. ఇండియన్ మ్యూజియంకి రెండు రోజులు అన్నారు చూడండి, ఆ ఒక్క మాటతో మీకు గైడ్ అక్కర్లేదని తెలిసిపోయింది. గైడ్ ఉంటే ఆ మ్యూజియం మొత్తం పూటలో అయిపోతుంది. ఈజిప్టు మమ్మీ దగ్గర పది నిమిషాలు, ఏనుగు ఎముకల దగ్గర ఫొటో, బయటికి.

మీరు భర్హుత్ గ్యాలరీలో కూర్చోండి. క్రీస్తు పూర్వం రెండో శతాబ్దం నాటి స్తూపం చుట్టూ ఉండే రాతి కంచె, తోరణం అక్కడున్నాయి. పురావస్తు అధికారి కన్నింగ్‌హామ్ 1873లో మధ్యప్రదేశ్‌లో గుర్తించాడు, తర్వాత కలకత్తా చేర్చారు. అందులో బుద్ధుడి కోసం జేతవనం అనే తోట కొన్న ఘట్టం ఉంది. అనాథపిండికుడనే వర్తకుడు ఎడ్లబండిలో తెచ్చిన నాణేలు దించి తోట నేలంతా పరిపిస్తుంటాడు. అది ఏ కథో పక్కనే బ్రాహ్మీ లిపిలో చెక్కారు! రెండు వేల ఏళ్ల కిందటే శిల్పి లేబుల్ పెట్టి పోయాడు, మధ్యలో గైడ్ దేనికి?

మా నాన్నగారిని ఒకసారి వేరే ఊళ్లో కోట చూపించడానికి తీసుకెళ్లాను. మాట్లాడుకున్న గైడ్ ఆయన్ని ఒక్క మెట్టు దగ్గర కూడా ఊపిరి తీసుకోనివ్వలేదు. చెప్పినవన్నీ రాణి ప్రేమకథలు. చివర్లో తీసుకెళ్లి రంగురాళ్ల దుకాణంలో దింపాడు. ఆ తర్వాత ఆయన మళ్లీ ఎక్కడికీ రాలేదు.

ఇంకోటి, సోమవారం మీ లిస్టులో మ్యూజియాలన్నీ మూతే. ఆ రోజు డల్హౌసీ నడక పెట్టుకోండి.

గోదారి_గట్టు:
శారద గారూ, మాది మూడు తరాలుగా ఖరగ్‌పూర్. తాతగారు రైల్వే పనికి వచ్చి ఉండిపోయారు. కలకత్తా నాకు పెరటి ఊరు లాంటిది.

బండ గారు చెప్పిన సోమవారం సంగతి నిజం. మిగతాది కాదు. మీ లిస్టు మళ్లీ ఒకసారి చూసుకోండి. గ్రాన్‌విల్ గీసిన మ్యూజియం, ఎమర్సన్ గీసిన విక్టోరియా మెమోరియల్, తెల్లవాళ్ల సమాధులు, కంపెనీ వాళ్ల ఆఫీసులు. జొరాసాంకో, నేతాజీ భవన్ తప్ప మొత్తం దొరల ఊరే. ఉత్తర కలకత్తా ఏది? శోభాబజార్ రాజబాడీ (రాజుల ఇల్లు), బొమ్మలు చేసే కుమ్మర్ల పేట కుమార్‌టులి, చిత్‌పూర్ రోడ్డు ఏవి? చదువుకుని వెళ్తే ఇలాగే అవుతుంది. పుస్తకాలు ఎక్కువగా రాసింది దొరల ఊరి గురించే కాబట్టి. అటు తెలిసినవాళ్లతో నడవాలి.

ఇక బ్రాహ్మీ లేబుల్ అట. ఆ లేబుల్ చదవడం మరిచిపోయి ఎన్ని వందల ఏళ్లయిందో తెలుసా సార్? 1837లో కంపెనీ అధికారి ప్రిన్సెప్ అదే కలకత్తాలో కూర్చుని విప్పేదాకా ఎవరికీ రాదు. ఆయన పక్కన కమలాకాంత విద్యాలంకార్ లాంటి పండితులు ఉంటేనే అయింది. చెప్పేవాళ్లు లేకుండా రాయి మాట్లాడదు.

చిన్నారావు_77:
ఆటో కన్నా మెట్రో బెటర్ మేడం. ఊరికి నిలువునా పోతుంది. మ్యూజియం పార్క్ స్ట్రీట్ స్టేషన్‌కి దగ్గర.

రాతిబండ:
విద్యాలంకార్ గారు జీతానికి పనిచేసిన పండితుడు, టూరిస్ట్ గైడ్ కాదు. రెండూ కలిపేయకండి.

దొరల ఊరు అని తీసిపారేస్తే ఎలా? శారద గారూ, డల్హౌసీ వెళ్లిన రోజు సెయింట్ జాన్స్ చర్చి వదలొద్దు. 1787లో కట్టింది. ఆ ఆవరణలో ఊరు స్థాపించిన జాబ్ చార్నాక్ సమాధి ఉంది. నేను జియాలజీ మనిషిని కాబట్టి చెప్తున్నా, ఆ సమాధి రాయి తప్పకుండా చూడాలి. మద్రాసు దగ్గరి పల్లావరం నుంచి తెచ్చిన రాయి అది. ఆ సమాధి రాయిని బట్టే హాలండ్ అనే జియాలజిస్టు ఆ జాతి రాళ్లకి చార్నకైట్ అని పేరు పెట్టాడు. మన తూర్పు కనుమల్లో కొండలకి కొండలే ఆ రాయి. ఇది ఏ గైడూ చెప్పడు.

గోదారి_గట్టు:
"ఊరు స్థాపించిన." ఇదిగో, పుస్తకం పట్టుకుని ఒంటరిగా తిరిగితే వచ్చే జబ్బు ఇదే. 2003లో కలకత్తా హైకోర్టు చార్నాక్‌ని ఊరి స్థాపకుడు అనడానికి లేదని, అతను వచ్చి దిగిన 1690 ఆగస్టు 24 ఊరి పుట్టినరోజు కాదని చెప్పింది. అంతకుముందే సుతానుటి, గోవిందపూర్, కలికాత అని మూడు ఊళ్లు బతికి ఉన్నాయి. కోర్టుకెక్కింది సబర్ణ రాయ్ చౌధురీ కుటుంబం వాళ్లు. 1698లో ఆ మూడు ఊళ్ల హక్కులు కంపెనీకి రాసిచ్చింది వాళ్ల పూర్వీకులే. బారిషాలో వాళ్ల ఇంట్లో మ్యూజియం కూడా ఉంది. అక్కడ ఏ పిల్లాడిని అడిగినా చెప్తాడు.

రాతిబండ:
చరిత్ర కోర్టులు తేలుస్తాయా? హక్కులు రాసిచ్చిన కుటుంబం కేసు వేస్తే వాళ్ల వైపు కథ వాళ్లు చెప్పుకోరా?

గోదారి_గట్టు:
కోర్టు చరిత్రకారుల కమిటీ వేసి, వాళ్లు చెప్పింది విని తీర్పిచ్చింది. మీరు రాయి చూసి తీర్పిస్తున్నారు.

లలిత_మెట్లు:
ఇద్దరూ చార్నాక్ దగ్గర గుడారం వేశారు. శారద గారూ, నేను అక్కడ ఒంటరిగా తిరిగాను కాబట్టి పనికొచ్చేది చెప్తా. మ్యూజియాల్లో తోడు అక్కర్లేదు, ఏ టెన్షనూ ఉండదు. ఉత్తరం వైపు సందుల్లో మాత్రం పాత ఇళ్ల గుమ్మంలోకి తొంగి చూడాలంటే ఆ ఊరి మనిషి పక్కన ఉండాలి. చాలావాటిలో జనం కాపురం ఉంటున్నారు. మార్బుల్ ప్యాలెస్ కూడా అలాంటిదే, 1835లో రాజేంద్ర మల్లిక్ కట్టించుకున్న ఇల్లు. టూరిజం ఆఫీసులో ముందే అనుమతి చీటీ తీసుకోవాలి. సోమ, గురువారాలు మూత. లోపల ఫొటోలు తీయనివ్వరు.

రాతిబండ:
లలిత గారు చెప్పింది చీటీ గురించి, సరే. గట్టు గారు మాత్రం ప్రతి చర్చలోనూ "తెలిసినవాళ్లతో తిరగండి" అంటూనే ఉంటారు. హంపీ చర్చలో కూడా అంతే. గైడ్ల సంఘం నుంచి ఏమైనా ముడుతోందా సార్?

గోదారి_గట్టు:
ముడుతోందా? చెప్తా వినండి.

మా ఇల్లు ఖరగ్‌పూర్‌లో ఉందని తెలిస్తే చాలు, ఆంధ్రా నుంచి చుట్టాలు, చుట్టాల స్నేహితులు అందరూ దిగుతారు. సెలవు పెట్టి లోకల్ ట్రైన్ ఎక్కించి తిప్పుతా. బెంగాలీలో బతిమాలి, మూసేసిన గేట్లు తీయిస్తా. పైసా అడగలేదు, అడగను. క్రితం చలికాలం వచ్చిన ఒక పెద్దమనిషి ఇంటికెళ్లి పెద్ద పోస్ట్ రాశాడు: "నేను, నా సంచి, కలకత్తా." ఒంటరి యాత్రట! మా ఆవిడ పొద్దున్నే లేచి కట్టిచ్చిన టిఫిన్ తింటూ తీయించుకున్న ఫొటో కూడా పెట్టాడు. తీసింది నేను. అందులో మా పేరు కాదు కదా, మనిషి ఉన్నట్టే లేదు. కింద రెండొందల మంది "ధైర్యం సార్ మీది" అని.

ముట్టేది ఇదీ సార్.

శారద గారి లిస్టులో సౌత్ పార్క్ స్ట్రీట్ శ్మశానం ఉంది కదా. సంస్కృతం చదివిన దొర విలియం జోన్స్ సమాధి కోసం అందరూ వెళ్తారు. కాలిన్ మెకంజీ కూడా అక్కడే ఉన్నాడు, 1821లో పోయాడు. మన పల్లెల కైఫీయతులు, అంటే ఊరి చరిత్రలు, పోగు చేసిన కంపెనీ సర్వేయర్ మెకంజీ. పోగు చేసిందెవరు? కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి. ఊరూరా తిరిగి, కరణాల్ని బతిమాలి, తాళపత్రాలు రాయించి తెచ్చిన తెలుగువాళ్లు. పేరు మాత్రం మెకంజీ సేకరణ. ఆయన పోయాక ఆ పని నేను కొనసాగిస్తానని లక్ష్మయ్య 1830ల్లో అడిగితే, అది ఆయనకి మించిన పని, పైన ఒక పెద్ద తలకాయ ఉండాలి అన్నట్టు రాసి పక్కన పెట్టించింది ఎవరు? నేను ఇందాక మెచ్చుకున్న ప్రిన్సెపే. సమాచారం మోసుకొచ్చేదాకా మేం కావాలి. తర్వాత అంతా ఒక్కడే చూశాడు, ఒక్కడే కనుక్కున్నాడు.

ఉప్పాడ_అల:
గట్టు అన్నా 🙏 ఆ పోస్ట్ నేనూ లైక్ చేసినట్టున్నా.

రాతిబండ:
కమీషన్ మాట వెనక్కి తీసుకుంటున్నా. కావలి సోదరుల గురించి మీరు చెప్పినదాంట్లో ఒక్క అక్షరం కాదనను.

కానీ మీ కోపం ఆ పెద్దమనిషి మీద, తీర్చుకుంటున్నది శారద గారి వారం మీద. ఆవిడ పోస్ట్ రాసి గొప్పలు పోతానన్నారా? ఒక్కదాన్నే చూస్తాను అన్నారు. చూడటం వేరు, చెప్పుకోవడం వేరు. సర్వీసంతా నేను గుంపుతోనే తిరిగాను. డిపార్ట్‌మెంట్ జీపు, ముందు ఆఫీసర్, వెనక గుమాస్తా. మంచి రాతి పొర కనిపిస్తే అరగంట ఆగుదామంటే టైమ్ అయిందనేవాళ్లు. ఇంట్లోవాళ్లతో వెళ్తే పిల్లలకి ఆకలి. నాకు చెప్పేవాళ్లతో పేచీ లేదు, ఆగనివ్వని వాళ్లతోనే. పాఠాలు చెప్పి చెప్పి అలసిన మనిషికి వారం రోజులు ఎవరూ పాఠం చెప్పకుండా ఉండే హక్కు లేదా?

గోదారి_గట్టు:
హక్కు ఉంది. కానీ ఎక్కడ ఆగాలో ఎవరో ముందే చెప్పారు కాబట్టే మీరు భర్హుత్ దగ్గర ఆగారు. పుస్తకం రాసినవాడూ గైడే, కాకపోతే దూరంగా ఉంటాడు, ఎదురు ప్రశ్న వేయలేరు. పక్కన నడిచేవాడు చెప్పింది తప్పైతే అక్కడే నిలదీయొచ్చు.

రాతిబండ:
నిలదీస్తే నడక ఆగదు సార్, గొడవ అవుతుంది. ఈ చర్చే సాక్ష్యం.

శారద_వి:
ఇద్దరూ కాస్త ఆగుతారా? ముప్పై మంది ఉన్న క్లాసు కూడా ఇంతకంటే తొందరగా సద్దుమణిగేది.

ఇండియన్ మ్యూజియం రెండు రోజులూ ఒక్కదాన్నే వెళ్తాను. అందులో మార్పు లేదు. భర్హుత్ దగ్గర ఎంతసేపు కూర్చుంటానో నాకే తెలీదు, పక్కన ఎవరైనా ఉంటే వాళ్లు వాచీ చూసుకుంటున్నారేమో అని నా ధ్యాస అటే ఉంటుంది. నేతాజీ భవన్ కూడా ఒక్కదాన్నే. 1941 జనవరిలో ఆయన్ని అర్ధరాత్రి దాటించిన కారు అక్కడుంది. పిల్లలకి ఆ పాఠం చెప్పిన ప్రతిసారీ ఆ కారు ఎలా ఉంటుందో అనుకునేదాన్ని.

గట్టు గారి మాట విని విక్టోరియాని అరపూటకి తగ్గించాను. ఉత్తరం వైపు ఒక రోజు పెడుతున్నాను, ఆ రోజు అక్కడి మనిషి కావాలి. డబ్బు తీసుకుని నడిపించేవాళ్లే కావాలి. ఎవరింటికీ టిఫిన్ బాక్స్‌తో సహా భారం కాను. బారిషా, పల్లావరం రాయి రెండూ రాసుకున్నాను. మెకంజీ సమాధి శ్మశానంలో ఏ వైపు ఉందో ఎవరైనా చెప్తారా?

గోదారి_గట్టు:
లోపలికి వెళ్లగానే ఆఫీసు గదిలో అడగండి, చూపిస్తారు. చూశారా, అడగాల్సే వచ్చింది.

రాతిబండ:
అడిగి, దారి తెలుసుకుని, ఆ మనిషిని అక్కడే వదిలేసి ఒక్కరే వెళ్లండి మేడం. సమాధి ఏ రాయితో కట్టారో కూడా చూసి చెప్పండి.

చిన్నారావు_77:
ఉత్తరం వైపు రోజు ఆదివారం పెట్టుకోండి మేడం, రోడ్లు కొంచెం ఖాళీగా ఉంటాయి.

గోదారి_గట్టు:
ఆదివారం వద్దు. ఆఫీసులు మూస్తారు, మార్బుల్ ప్యాలెస్ చీటీ ముందు రోజే తెచ్చుకోకపోతే గేటు దగ్గర నిలబడాల్సి వస్తుంది.

రాతిబండ:
శుక్రవారమే తెచ్చుకుంటారు. అన్నీ మీరే చెప్పాలా?