మంత్రశక్తి ఉన్నవాళ్లను సర్కారు ఏం చేస్తుంది? నవల కోసం సలహా కావాలి

అందరికీ నమస్కారం. నేనొక ఫాంటసీ నవల రాస్తున్నాను. అందులో పదకొండేళ్ల మంగ చెయ్యి పెడితే బిందెలో నీళ్లు మరిగిపోతాయి. ఇలాంటివాళ్ల కోసం ప్రభుత్వం ఒక చట్టం తెస్తుంది.

బ్రిటిషువాళ్లు కొన్ని కులాలు, తెగల మీద 1871లో తెచ్చి, 1911లో, 1924లో మార్చిన క్రిమినల్ ట్రైబ్స్ చట్టాన్ని నేను నమూనాగా తీసుకున్నాను. పుట్టుకతోనే నేరస్థులని ముద్ర వేయడం, వేలిముద్రలు, స్టూవర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లు (నిఘాలో ఉంచే కాలనీలు), అధికారుల ముందు హాజరు, ఊరు దాటాలంటే పాసు. 1952లో ఆ చట్టం రద్దయినా అనుమానపు చూపు పోలేదు. చదివినప్పుడల్లా గుండె బరువెక్కుతుంది. అందుకే మంగ వేలికి అంటిన సిరా మరకతోనే కథ మొదలుపెట్టాను.

చదివిన స్నేహితుడు మాత్రం, "ఇంత శక్తి ఉన్నవాళ్లను సర్కారు వేధించదు, సైన్యంలోకి తీసుకుంటుంది" అన్నాడు. అప్పట్నుంచి టెన్షన్‌గా ఉంది. నాకైతే రెండూ జరుగుతాయనిపిస్తోంది: పనికొచ్చేవాళ్లకు ఉద్యోగం, మిగతావాళ్లకు రిజిస్టరు.

రెవెన్యూలో, పోలీసు శాఖలో పనిచేసినవాళ్లు దయచేసి చెప్పండి. మంగ ఇంటికి మొదట వచ్చేది ఎవరు? వీఆర్వోనా, కానిస్టేబులా? ఏ కాగితం మీద సంతకం పెట్టమంటారు? వాళ్లమ్మ ఒప్పుకోకపోతే ఏమవుతుంది?