మేము లేనప్పుడు ఓనర్ ఆంటీ తాళం తీసుకుని ఇంట్లోకి వస్తున్నారు, లాక్ మార్చుకోవచ్చా?

మియాపూర్_టూబీహెచ్‌కే:
హాయ్ అండి, మియాపూర్‌లో నేనూ మా ఫ్రెండూ అద్దెకుంటున్నాం, నెలకి 19 వేలు, 11 నెలల అగ్రిమెంట్. ఓనర్ వాళ్ళు పై ఫ్లోర్‌లోనే ఉంటారు, మంచోళ్ళే, పండక్కి గారెలు కూడా పంపిస్తారు, కానీ వాళ్ళ దగ్గర మా ఇంటి కీ ఒకటి ఉంది. మేము ఆఫీస్‌కెళ్ళాక ఆంటీ వచ్చి చూసిపోతున్నారేమో అని డౌట్ ఉండేది, మొన్న నేను జ్వరమొచ్చి ఇంట్లోనే పడుకునుంటే బెల్ కూడా కొట్టకుండా తలుపు తీసుకుని నేరుగా వచ్చేశారు, నన్ను చూసి "లీకేజీ ఏమన్నా ఉందేమోనమ్మా" అన్నారు. ఇదేంటాంటీ అంటే మా ఇల్లేగా అంటారు. అగ్రిమెంట్‌లో తాళం గురించి ఒక్క ముక్క లేదు. మేమే లాక్ మార్చేస్తే కేసేమన్నా అవుద్దా, అడ్వాన్స్ పట్టుకుంటారా?

నల్లకోటు_బాబాయ్:
అమ్మా, 1960 నాటి రెంట్ కంట్రోల్ చట్టం నీకు వర్తించదు, కార్పొరేషన్ ఏరియాలో అద్దె 3,500 దాటితే దాని పరిధిలోకి రాదు. నీకు దిక్కు 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, అందులో సెక్షన్ 108. అద్దె సరిగ్గా కడుతూ ఒప్పందం ప్రకారం నడుచుకుంటే ఎవరూ అడ్డు రాకుండా ఉండే హక్కు నీది. అదే సెక్షన్‌లో ఇంకో ముక్క కూడా ఉంది, ఇంటి కండిషన్ చూసుకోడానికి సరైన టైమ్‌లో ఓనర్‌ని నువ్వు రానివ్వాలి. రానివ్వాల్సింది నువ్వు, అంటే నీకు చెప్పి రావాలనే కదా, వాళ్ళే తాళం తీసుకుని దూరిపొమ్మని కాదు. ఇక లాక్ మార్చకూడదని అగ్రిమెంట్‌లో లేదంటున్నావ్ కాబట్టి మార్చుకో, పాతది పారెయ్యకు, ఖాళీ చేసేటప్పుడు మళ్ళీ బిగించి ఇచ్చేస్తే అడ్వాన్స్‌లో కోసుకోడానికి వాళ్ళకి సాకు ఉండదు.

రేపు కోపమొచ్చి వాళ్ళే నీ గుమ్మానికి తాళం వేస్తే మాత్రం 112కి కొట్టు. సివిల్ మేటర్ అని స్టేషన్‌లో తిప్పి పంపినా సరే కంప్లైంట్ రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకో. స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 6 కింద ఇల్లు మళ్ళీ నీకు అప్పగించమని ఆరు నెలల్లోపు దావా వెయ్యొచ్చు, ఇల్లు ఎవరిదన్నది అక్కడ లెక్కలోకి రాదు, కోర్టు ఆర్డర్ లేకుండా నిన్ను బయటికి నెట్టారా లేదా అన్నదే చూస్తారు.

కొత్తగా_హైదరాబాద్:
24 గంటల ముందు నోటీసిచ్చే రావాలని 2021లో కొత్త చట్టం వచ్చింది కదా బ్రో?

నల్లకోటు_బాబాయ్:
అది కేంద్రం రాష్ట్రాలకి నమూనాగా ఇచ్చిన మోడల్ టెనెన్సీ యాక్ట్ తమ్ముడూ, రాష్ట్రం తనంతట తాను చట్టం చేసుకుంటేనే అమలు, తెలంగాణలో ఇంకా చెయ్యలేదు. కాకపోతే అందులోవి బాగుంటాయి, 24 గంటల ముందు చెప్పాలి, పొద్దు పొడవకముందు, పొద్దుగూకాక రాకూడదు అని. రెన్యువల్‌కి ఆ రెండు లైన్లు అగ్రిమెంట్‌లో ఎత్తి రాయించుకోండి, సంతకం పెట్టాక అది ఒప్పందమే కదా.

నిజాంపేట_ఓనర్:
నేనూ ఓనర్నే, నా వైపు నుంచి కూడా వినండి. మా కింద పోర్షన్‌లో వాళ్ళు ఊరెళ్ళినప్పుడు వాష్‌బేసిన్ పైపు ఊడిపోయి నీళ్ళన్నీ హాల్లోకొచ్చి వైరింగ్ దాకా పోయాయి, కీ లేక తలుపు పగలగొట్టాల్సొచ్చింది. అందుకే ఒక కీ కవర్లో పెట్టి అతికించి దానిమీద సంతకం చేసి ఇవ్వమంటా, తెరిస్తే తెలిసిపోతుంది. ఆంటీ చేసింది మాత్రం తప్పే, అద్దెకిచ్చాక అది నా ఇల్లైనా వాళ్ళ కాపురం కదా.

సైదులు_కార్పెంటర్_పని:
లాక్ మొత్తం పీకొద్దు అక్కా, తలుపు పాడైద్ది. మోర్టిస్ లాక్ (తలుపు చెక్క లోపల బిగించేది) అయితే కీ దూరే సిలిండర్ ఒక్కటే మార్చొచ్చు. బయట ఆల్‌డ్రాప్, అదే తాళంకప్ప వేసే పెద్ద గడియ, ఉందా? ఉంటే అదీ అవసరం లేదు, సొంత తాళంకప్ప కొనుక్కుని వేస్కోండి, ఇంట్లో ఉన్నప్పుడు లోపల్నుంచి గడియ పెట్టుకోండి.

మియాపూర్_టూబీహెచ్‌కే:
ఆల్‌డ్రాప్ ఉంది!! ఇన్నాళ్ళూ దాన్ని వాడనేలేదు. కప్ప ఇవాళే కొంటా, కవర్ ఐడియా కూడా చెప్తా. ఆంటీకి వాట్సాప్‌లో ఇలా పెడుతున్నా, ఓకేనా: "ఆంటీ, సేఫ్టీ కోసం మా తాళం వేసుకుంటున్నాం, చూడాల్సిన పని ఉంటే ఎప్పుడైనా చెప్పి రండి."

నల్లకోటు_బాబాయ్:
"ఎప్పుడైనా" తీసెయ్, "ముందు రోజు చెప్తే మేము ఇంట్లో ఉంటాం" అని పెట్టు.