కళ్లు పొడిబారడానికి చుక్కల మందు: మూడు వారాలైనా మసక తగ్గలేదు

ప్రశ్న (ఖమ్మం నుంచి):
మా అమ్మకు 58 ఏళ్లు, పదేళ్లుగా మధుమేహం ఉంది. ఉదయం పేపరు చదవడం మొదలుపెట్టిన నాలుగైదు నిమిషాలకే అక్షరాలు అలుక్కుపోయినట్టు కనిపిస్తున్నాయని, రెండుసార్లు రెప్పలార్పితే మళ్లీ తేటపడుతున్నాయని చెబుతోంది. ఏడాదిలో రెండుసార్లు కళ్లద్దాలు మార్చినా ప్రయోజనం లేకపోయింది. కంటి డాక్టరుగారు కింది రెప్పలో సన్నని కాగితపు పట్టీ పెట్టి చూసి, ఐదు నిమిషాల్లో 4 మిల్లీమీటర్లే తడిసిందని, కన్నీరు బాగా తగ్గిందని తేల్చారు. రోజుకు రెండుసార్లు 0.05 శాతం సైక్లోస్పోరిన్, నాలుగుసార్లు కార్బాక్సీ మిథైల్ సెల్యులోజ్ చుక్కలు రాశారు. సైక్లోస్పోరిన్ వేసిన ప్రతిసారీ కళ్లు భగ్గుమంటున్నాయని, ఇక మానేస్తానని అమ్మ పట్టుబడుతోంది. మానేయవచ్చా? చూపు నిజంగా మెరుగవుతుందా?

సమాధానం 1:
అమ్మగారిని ఇంకొంత ఓపిక పట్టమనండి. నేను ఇదే మందు ఎనిమిది నెలలు వాడాను. మొదటి నెలంతా చుక్క పడగానే కళ్లు మూసుకుని గోడకు ఆనుకుని కూర్చునేవాణ్ణి. నాలుగో నెలలో ఒక సాయంత్రం, రెప్పలార్పకుండానే దూరం నుంచి బస్సు బోర్డు చదివేశానని బస్సెక్కాక గాని నాకు తట్టలేదు. నేను చేసిన పొరపాటు ఒకటుంది: రెండు మందులూ వెంటవెంటనే వేసుకునేవాణ్ణి. రెండోది మొదటిదాన్ని కడిగేస్తుంది కాబట్టి పావుగంట ఎడం ఉండాలి.

సమాధానం 2 (ఆప్టోమెట్రిస్టును, అంటే చూపు పరీక్షించి కళ్లద్దాలు రాసే పని నాది):
కంట్లోకి వచ్చే వెలుగు మొట్టమొదట దాటేది కన్నీటి పొరనే. అది చెదిరితే చూపు మసకబారుతుంది, రెప్ప వేయగానే పొర మళ్లీ పరుచుకుని తేటపడుతుంది. పొర నిలకడగా లేనప్పుడు తీసిన కళ్లద్దాల కొలత కూడా తప్పే అవకాశం ఉంది గనుక, మూడోసారి అద్దాలు మార్చడానికి తొందరపడకండి. సెల్యులోజ్ చుక్కలు అప్పటికప్పుడు తడినిస్తాయి, అంతే. సైక్లోస్పోరిన్ కంటి ఉపరితలంలోనూ కన్నీటి గ్రంథుల్లోనూ ఉన్న వాపును నెమ్మదిగా అణచి, కన్నీరు ఊరేలా చేస్తుంది. అందుకు మూడు నెలలు, కొందరికి ఆరు నెలలు పడుతుంది. మంట భరించలేకపోతే డాక్టరుగారే కొద్దిరోజులు స్టెరాయిడ్ చుక్కలు జతచేస్తారు. దాన్ని మాత్రం మందుల షాపులో సొంతంగా కొనకండి, కంటి ఒత్తిడి పెరిగి, చూపు నరం దెబ్బతినే గ్లకోమాకు దారితీయవచ్చు. ఇంకొక మాట: రెప్పలార్పినా పోని మసకకు ఈ చుక్కలు పనిచేయవు. అది శుక్లమో, మధుమేహం వల్ల రెటీనాకు (కంటి వెనక ఉండే తెర) వచ్చిన జబ్బో కావచ్చు. ఏడాదికోసారి రెటీనా పరీక్ష తప్పనిసరి.

సమాధానం 3:
అమ్మగారు జలుబుకో దురదకో మాత్రలేమైనా వాడుతున్నారా? అలర్జీ మాత్రలు కొన్ని కళ్లను ఇంకా పొడిబారుస్తాయి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలండి. రెండేళ్లుగా తుమ్ములకని రోజూ రాత్రి సెట్రిజిన్ అనే అలర్జీ మాత్ర వేసుకుంటోంది; ఆ సంగతి డాక్టరుగారికి చెప్పాలని మాకెవరికీ తోచలేదు. చుక్కలు ఆపకుండా, పావుగంట ఎడంతో వేస్తున్నాను. సోమవారం ఆ మాత్రల అట్ట కూడా పట్టుకుని వెళ్తున్నాం, రెటీనా పరీక్ష కూడా అడుగుతాను.