ఉబుంటు 24.04: అప్‌గ్రేడ్ చేయాలా, కొత్తగా వేయాలా?

ప్రశ్న: ల్యాప్‌టాప్‌లో విండోస్ పక్కనే ఉబుంటు 22.04 (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) ఉందండీ. 24.04కి మారాలని ఉంది కానీ ఫైళ్లు పోతాయేమోనని టెన్షన్. అసలు కొత్తగా ఏమొస్తుంది?

జవాబు 1: కెర్నల్ (సిస్టమ్‌కి గుండెకాయ లాంటిది) 6.8, గ్నోమ్ (తెర మీద కనిపించే డెస్క్‌టాప్) 46, కొత్త ఇన్‌స్టాలర్. 2029 దాకా అప్‌డేట్లు. నాకైతే ఫైల్స్ యాప్‌లో అన్ని ఫోల్డర్లూ ఒకేసారి వెతికే సెర్చ్ తెగ నచ్చింది.

జవాబు 2: అప్‌గ్రేడ్ చేస్తే హోమ్ ఫోల్డర్ అలాగే ఉంటుంది, బయటి నుంచి కలుపుకున్న పీపీఏలు (అదనపు సాఫ్ట్‌వేర్ దొరికే చోట్లు) మాత్రం ఆగిపోతాయి, తర్వాత మళ్లీ ఆన్ చేసుకోవాలి. అయినా బ్యాకప్ లేకుండా ముట్టుకోకండి.

జవాబు 3: కొత్తగా వేస్తే మాత్రం ముందు పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి, వైఫై, సౌండ్ పనిచేస్తున్నాయో లేదో చూసుకోండి. నేనోసారి నిద్రమత్తులో ‘ఎరేజ్ డిస్క్’ ఎంచుకుని విండోస్ మొత్తం ఊడ్చేశాను!

ప్రశ్న అడిగినవారు: బాబోయ్, అయితే అప్‌గ్రేడే. బ్యాకప్ మొదలెట్టేశా.