హెచ్‌డీఎల్ 78 ఉంటే ఎల్‌డీఎల్ 168ని పట్టించుకోవాలా?

కొత్తగా_చేరాను:
లిపిడ్ ప్రొఫైల్ (రక్తంలో కొవ్వుల పరీక్ష) చేయించాను. మొత్తం కొలెస్ట్రాల్ 266, చెడ్డదనే ఎల్‌డీఎల్ 168, మంచిదనే హెచ్‌డీఎల్ 78, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో ఉండే ఇంకో రకం కొవ్వు) 100. డాక్టరు రెండు నిమిషాలు చూసి స్టాటిన్ (ఎల్‌డీఎల్ తగ్గించే మాత్ర) రాసేశారు. మంచిది ఇంత ఉన్నాక చెడ్డదాన్ని అది ఊడ్చేయదా?

పాతకాపు:
ఊడ్చేస్తుంది. 266ని 78తో భాగించండి, 3.4 వస్తుంది. ఆ నిష్పత్తి నాలుగు కూడా దాటలేదు. ఈమాత్రానికే మాత్ర దేనికండీ?

మొండిఘటం:
పాతకాపు గారూ, ఆ భాగహారం చూసుకుని నిశ్చింతగా పడుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు. హెచ్‌డీఎల్ ఎక్కువున్నవాళ్లకి గుండెపోట్లు తక్కువన్నది నిజమే. కానీ పనిగట్టుకుని పెంచి చూస్తే ఏమైంది? టార్సెట్రాపిబ్ అనే మందు దాన్ని 70 శాతం పైగా పెంచింది. 2006 డిసెంబరులో ప్రయోగం మధ్యలోనే ఆపేశారు, ఆ మందు వేసుకున్నవాళ్లలోనే చావులు ఎక్కువయ్యాయని.

అరసున్న:
కొలెస్ట్రాల్ ఒక్కటేనండీ. మంచీ చెడూ అన్నది దాన్ని రక్తంలో మోసే బండ్లని బట్టి, హెచ్‌డీఎల్, ఎల్‌డీఎల్ అన్నవి ఆ బండ్లే.

పాతకాపు:
ఆ మందు బీపీ కూడా పెంచింది. అది చెప్పరేం? మందు చెడ్డదైతే తప్పు హెచ్‌డీఎల్‌దా?

లెక్కలమాస్టారు:
అసలు ఆ 168 కొలిచిందేనా? 266లోంచి 78 తీసేసి, ట్రైగ్లిజరైడ్లలో అయిదో వంతు 20 తీసేస్తే సరిగ్గా 168. అంటే ల్యాబువాళ్లు లెక్కేశారు, కొలవలేదు. 1972 నాటి ఫ్రీడ్‌వాల్డ్ సూత్రం. ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే పనికిరాదు.

మొండిఘటం:
మాస్టారూ, ఆయనకి ఉన్నవి 100.

లెక్కలమాస్టారు:
అయినా కొలవలేదు కదా.

మొండిఘటం:
పాతకాపు గారూ, సరే, ఆ మందు వదిలేయండి. పుట్టుకతోనే, జన్యువు వల్ల హెచ్‌డీఎల్ కాస్త ఎక్కువున్నవాళ్లని పరిశీలించిన ఫలితం 2012లో వచ్చింది. వాళ్లకి గుండెపోట్లేమీ తగ్గలేదు. పీసీఎస్‌కే9 జన్యువులో మార్పు వల్ల జన్మంతా ఎల్‌డీఎల్ తక్కువున్నవాళ్లకి మాత్రం బాగా తగ్గాయి. చూడాల్సింది ఎల్‌డీఎల్‌నే.

పాతకాపు:
మీకు జన్యువులు, నాకు మా అమ్మ. స్టాటిన్ మొదలుపెట్టిన నెలకే తొడలు పట్టేసేవి, మెట్లు ఎక్కలేకపోయేది. చెబితే "వయసండీ" అన్నారు. మూడుసార్లు చెప్పాం, మూడుసార్లూ అదే మాట. ఇంకో డాక్టరు వేరే స్టాటిన్‌కి మార్చాకే తేరుకుంది.

మొండిఘటం:
2020లో ఒక ప్రయోగం చేశారు. నొప్పులని స్టాటిన్ మానేసినవాళ్లకే కొన్ని నెలలు స్టాటిన్, కొన్ని నెలలు ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. బాధలో 90 శాతం ఉత్తుత్తి మాత్రతోనూ వచ్చింది.

పాతకాపు:
అంటే మా అమ్మది నటనా?

మొండిఘటం:
నటన అన్నానా? నొప్పి నిజమే అయుండొచ్చు, కారణం వేరే అయుండొచ్చు అన్నాను.

పాతకాపు:
"వయసండీ" అన్నాయన కూడా సరిగ్గా ఇదే అన్నాడు. మీరేమైనా ఆయన చుట్టమా?

మొండిఘటం:
మా నాన్న హెచ్‌డీఎల్ 81. "మీకు మంచిది దండిగా ఉంది, ధైర్యంగా ఉండండి" అని ఆరేళ్లు ఎల్‌డీఎల్ జోలికే పోలేదు. ఏడో ఏడు ఆయన లేరు. మంచి కొలెస్ట్రాల్ అనే మాట వింటేనే నాకు ఒళ్లు మండుతుంది, మీ మీద కోపం కాదు.

పాతకాపు:
అది ముందే చెప్పాల్సిందండీ. నేనూ హెచ్‌డీఎల్‌కి పూజ చేయమనట్లేదు. మనిషిని అడక్కుండా రెండు నిమిషాల్లో జీవితాంతం మాత్ర రాసేసే పద్ధతి మీదే నా గొడవ.

మొండిఘటం:
మరి ఆ గొడవేదో పెట్టుకోకుండా మధ్యలో ఆ 3.4 ఎందుకు తెచ్చారు?

దారినపోతూ:
ఇంతసేపు కొట్టుకున్నారు, ఆయన వయసెంత, బీపీ, షుగరు, పొగ అలవాటు, ఇంట్లో ఎవరికైనా గుండెజబ్బు ఉందా అని ఒక్కరడిగారా?

కొత్తగా_చేరాను:
41. బీపీ, షుగరు లేవు, పొగ తాగను. మా అన్నయ్యకి 44లో స్టెంటు వేశారు. అది కూడా చెప్పాలా? డాక్టరు అడగలేదు, నేనూ చెప్పలేదు.

మొండిఘటం:
చెప్పాలి. ఈ వారమే వెళ్లి చెప్పండి. థైరాయిడ్ కూడా చూడమనండి, అది తక్కువగా ఉన్నా ఎల్‌డీఎల్ పెరుగుతుంది.

పాతకాపు:
అన్నయ్య సంగతి ముందే తెలిస్తే మాత్ర వద్దని నేనూ అనేవాణ్ని కాదు. వెళ్లిరండి. నొప్పులొస్తే మాత్రం మీ అంతట మీరు మానేయకండి, వినేదాకా చెప్పండి. నిష్పత్తి మాట నేను వెనక్కి తీసుకోవట్లేదు.

లెక్కలమాస్టారు:
వెళ్లినప్పుడు ఎల్‌డీఎల్ నేరుగా కొలిచే పరీక్ష రాయమనండి.